ఊపిరితిత్తుల్లో టీగ్లాసెడు నీళ్లు

పోయినేడు కావలిలో మా చెల్లెలి కూతురికి 37 వారాలకే ఆపరేషన్ చేశారు. నొప్పులు రాలేదు, తల్లికీ బిడ్డకీ ఇబ్బందేమీ లేదు. ముహూర్తం బాగుందని పెద్దవాళ్లు అడిగారు, అంతే. మగబిడ్డ, మూడు కిలోలు. గట్టిగానే ఏడ్చాడు. గంట తిరక్కముందే డొక్కలెగరేయడం మొదలైంది. పక్కటెముకల సందుల్లో చర్మం లోపలికి పీక్కుపోతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగు. నర్సమ్మ నిమిషంపాటు లెక్కపెట్టింది: 84. ఉండాల్సింది 40 నుంచి 60. వెంటనే బాక్సులో పెట్టారు.

"ఉమ్మనీరు తాగేశాడంట పెద్దమ్మా" అని పిల్ల ఒకటే ఏడుపు.

మనవైపు అందరూ అనే మాటే ఇది. కానీ ఇలాంటి ఆయాసంలో ఆ నీళ్లు బిడ్డ తాగినవి కావు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులే ఊరించుకున్నవి. ఊపిరితిత్తులు సరిగ్గా ఎదగాలంటే ఆ నీళ్లు ఉండాల్సిందే. మూడు కిలోల బిడ్డలో సుమారు చిన్న టీగ్లాసెడు ఉంటాయి. పుట్టగానే ఆ చోటికి గాలి రావాలి.

కాన్పు దారిలో ఛాతీ నలిగి నీళ్లు బయటికి పోతాయని చెబుతుంటారు. అలా పోయేది కొంతే. అసలు పని నొప్పులది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ బాగా పెరుగుతుంది. దాంతో ఊపిరితిత్తుల గోడల్లో సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. ఉప్పు లోపలికి వెళ్తుంది, దాని వెంటే నీరూ ఇంకి రక్తంలో కలుస్తుంది. నీళ్లు ఊరించే అవయవం కొన్ని గంటల్లో నీళ్లు పీల్చే అవయవంగా మారిపోతుంది! నాకు ఇప్పటికీ అబ్బురమే. నొప్పులు రాకుండా కోస్తే ఈ మార్పుకి వ్యవధి చాలదు. నొప్పులు మొదలయ్యాక చేసే సిజేరియన్‌లో ముప్పు తక్కువ ఉండేది అందుకే.

చాలామంది పిల్లలు ఒకటి నుంచి మూడు రోజుల్లో తేరుకుంటారు. మావాడికీ మూడోరోజు ఆక్సిజన్ తీసేశారు. ఆ మూడు రోజులూ తల్లి వాణ్ని అద్దంలోంచే చూసింది.

ప్రాణం మీదికి వస్తే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు, అందులో రెండో మాట లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లే. వాటిలో తొందరేమీ లేనివాటి సంగతే నేను చెప్పేది. "నెలలు నిండాయి కదా" అంటారు. 37 వారాలకూ 39 వారాలకూ చాలా తేడా ఉంది. వారం గడిచేకొద్దీ ఈ ఆయాసం వచ్చే అవకాశం తగ్గుతూ వస్తుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో తోడికోడలికి ఎనిమిదో నెల. మొదటి కాన్పు ఆపరేషనే కాబట్టి ఈసారీ ఆపరేషనే అన్నారు. జేజి అప్పుడే పంచాంగం తీసింది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఆమె చేతిలో పెట్టి, 39 వారాలు నిండే తేదీ దగ్గర వేలు పెట్టి చూపించాను. "ఇక్కడి నుంచి చూడత్తా, ముహూర్తం."