కెన్నీ మంచోడా, చెడ్డోడా? గేమ్ పాత్రల గొడవలపై అపోహలు - వాస్తవాలు

మా ఆఫీసులో ఎవరైనా కెన్నీ పేరెత్తితే ఆ పూట టీ చల్లారిపోవాల్సిందే. కెన్నీ మా మేనేజరూ కాదు, క్లయింటూ కాదు. 2012లో టెల్‌టేల్ అనే గేమ్ కంపెనీ వాళ్ళు తెచ్చిన 'ది వాకింగ్ డెడ్' గేమ్‌లో ఒక పాత్ర. ఫ్లోరిడాలో చేపల వేట మీద బతికేవాడు. పెళ్ళాం, పిల్లాడు, నెత్తి మీద టోపీ, ముక్కు మీద కోపం. మా టీమ్‌లో యానిమేషన్ చేసే ఒకతనికి కెన్నీ ప్రాణమిచ్చే దోస్తు. టెస్టింగ్ చూసే ఒకావిడకి వాడు పచ్చి స్వార్థపరుడు. మూడేళ్ళుగా ఇదే పంచాయితీ.

నేను గేమ్‌లకి కథ, డైలాగులు రాస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి వాదనలు వింటే, ఇవి నీతికి సంబంధించిన తగాదాలనీ, ఒకరికి క్షమాగుణం ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అనీ అనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. ఎందుకో చెప్పాలంటే కొన్ని అపోహలు పక్కకి జరపాలి. (కథలు బయటపెట్టేస్తున్నాను. ఆడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.)

అపోహ: ఇద్దరూ చూసింది ఒకే పాత్రని, అభిప్రాయాలే వేరు

సినిమాకైతే ఈ మాట సరిపోతుంది. గేమ్‌కి సరిపోదు.

మొదటి ఎపిసోడ్‌లో ఒక పొలం సీన్ ఉంది. కెన్నీ కొడుకు డక్, రైతు కొడుకు షాన్ ఇద్దరి మీదా చచ్చి లేచి మనుషుల్ని తినే శవాలు ఒకేసారి పడతాయి. లీ అనే పాత్రగా మీరు ఎటు పరిగెత్తాలో క్షణాల్లో తేల్చుకోవాలి. ఎటు పరిగెత్తినా షాన్ చచ్చిపోతాడు. కెన్నీ కొడుకుని ఎత్తుకుని పోతాడు, షాన్‌కి చెయ్యి అందించడు. కథ మారలేదు కదా అనిపిస్తుంది. కానీ మీరు డక్ వైపు వెళ్ళి ఉంటే కెన్నీ అది మర్చిపోడు. షాన్ వైపు వెళ్ళి ఉంటే అదీ మర్చిపోడు. తెర మూలన చిన్న అక్షరాల్లో 'ఇది గుర్తుపెట్టుకుంటాడు' అని పడుతుంది చూడండి, అది ఉత్త బెదిరింపు కాదు.

రెండో ఎపిసోడ్‌లో మాంసం దాచే చల్లటి గది. లారీ అనే భారీ మనిషికి గుండెపోటు వస్తుంది. అతని కూతురు లిల్లీ ఛాతీ మీద ఒత్తుతూ రమ్మని అరుస్తుంది. ఇతను చచ్చి లేస్తే మనందర్నీ తినేస్తాడని కెన్నీ అరుస్తాడు. మీరు లిల్లీ పక్కన కూర్చుంటే, మీ చేతులు లారీ ఛాతీ మీద ఉండగానే కెన్నీ ఉప్పు దిమ్మ ఎత్తి అతని తల మీద పడేస్తాడు. కెన్నీ పక్షాన నిలబడితే, అదే దిమ్మ పడే సమయానికి మీరు లిల్లీని వెనక్కి లాగి పట్టుకుని ఉంటారు. హత్య ఒకటే. మొదటి దాంట్లో మీరు సాక్షి, రెండో దాంట్లో మీకూ వాటా ఉంది. సాక్షికి కెన్నీ హంతకుడిగా కనిపిస్తాడు. వాటా ఉన్నవాడు మాత్రం 'ఇంకేం దారి ఉంది?' అంటాడు. అనక తప్పదు, లేకపోతే తనూ హంతకుడే.

ఆ తర్వాత ఇద్దరి దార్లూ ఇంకా దూరమవుతాయి. వెంట నిలబడ్డవాడితో కెన్నీ అన్నదమ్ముడిలా ఉంటాడు. ఎదురు నిలబడ్డవాడితో ప్రతి మాటా పుల్లవిరుపే. నాలుగో ఎపిసోడ్ చివర క్లెమెంటైన్ అనే పాప కనిపించకుండా పోతుంది. వెతకడానికి కెన్నీ మీతో వస్తాడా రాడా అన్నది మీరు అప్పటిదాకా అతనితో ఎలా ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. అంటే మా యానిమేటర్ చూసిన కెన్నీ పిలవగానే బయల్దేరాడు, మా టెస్టర్ చూసిన కెన్నీ మొహం తిప్పుకున్నాడు. వాళ్ళు ఒకే పేరున్న ఇద్దరు మనుషుల గురించి కొట్టుకుంటున్నారు.

తమాషా ఏంటంటే, ప్రతి ఎపిసోడ్ చివరా ఎంత శాతం మంది ఏది ఎంచుకున్నారో గేమే లెక్క చూపిస్తుంది. అది చూసి అందరూ 'మిగతావాళ్ళు వేరే నిర్ణయం తీసుకున్నారు' అనుకుంటారు. 'మిగతావాళ్ళకి వేరే కెన్నీ దొరికాడు' అని ఎవరికీ తట్టదు.

నిర్ణయాలు అడగని గేమ్‌లలోనూ ఇది జరుగుతుంది. 2013లో వచ్చిన జీటీఏ 5 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో)లో ట్రెవర్ అనే పాత్ర అడుగుపెట్టగానే జానీ అనే బైకర్‌ని తలమీద తొక్కి చంపేస్తాడు. కొత్తగా ఆడేవాడికి అది ట్రెవర్ ఎంత పిచ్చోడో చెప్పే పరిచయ సీన్, అంతే. కానీ 2009లో జీటీఏ 4కి వచ్చిన అదనపు కథలో హీరో ఆ జానీయే. గంటల తరబడి జానీగా బండి నడిపినవాడికి అక్కడ చచ్చింది ఎవడో బైకర్ కాదు, ఒకప్పుడు తనే. వాడి దగ్గరికెళ్ళి ట్రెవర్ భలే కామెడీ అని చెప్పి చూడండి.

అపోహ: పాపం ఎంత పెద్దదైతే కోపం అంత పెద్దది

ఇదే నిజమైతే 'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి భాగంలో జోయెల్‌ని అందరూ అసహ్యించుకోవాలి. 2013లో వచ్చిన ఆ గేమ్‌లో మనం ఆడేది జోయెల్‌గానే. చివర అతను, తను వెంటబెట్టుకుని కాపాడుకొచ్చిన ఎల్లీ అనే అమ్మాయి కోసం ఆస్పత్రి నిండా మనుషుల్ని చంపుకుంటూ వెళ్తాడు. ఆపరేషన్ చేయబోతున్న డాక్టర్నీ వదలడు. ఆ డాక్టర్ని ఏదో వీడియోలో చంపరు, బటన్ నొక్కాల్సింది మీరే. నొక్కేదాకా కథ కదలదు.

2020 జూన్ 19న రెండో భాగం వచ్చింది. ఆ డాక్టర్ కూతురు యాబీ వచ్చి జోయెల్‌ని గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. లెక్క కడితే జోయెల్ ఖాతాలో శవాలు ఎన్నో రెట్లు ఎక్కువ. కోపం మాత్రం యాబీ మీద పడింది. కథలో ముఖ్యమైన ముక్కలు ఏప్రిల్‌లోనే లీకయ్యాయి. దాంతో విడుదలైన రోజే, గేమ్‌లకి జనం మార్కులు వేసే మెటాక్రిటిక్ సైట్‌లో సున్నా మార్కులు కుప్పలుగా పడ్డాయి. ఇరవై గంటలకి పైగా పట్టే గేమ్ అది, వాళ్ళలో ఎంతమంది పూర్తి చేసి ఉంటారో మీరే ఆలోచించండి. ఆ జులైలోనే మెటాక్రిటిక్ కొత్త గేమ్‌లకి విడుదలై 36 గంటలు దాటాకే యూజర్లు రివ్యూ రాయాలని నిబంధన పెట్టింది. యాబీకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. రాసిన వాక్యాలు చదివినందుకు! ఈ వృత్తిలో ఉన్నవాడిగా ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాపాన్ని ఆటగాడు తూకం వెయ్యడు. తన దగ్గర్నుంచి ఏం పోయిందో చూసుకుంటాడు. జోయెల్ చంపినవాళ్ళు తెర మీద కనిపించి పోయినవాళ్ళు. యాబీ చంపినవాడితో ఒక గేమంతా గడిపాం. పైగా తర్వాత సుమారు సగం గేమ్ ఆమెగానే ఆడమంటారు. కొందరు ఆ సగంలో మెత్తబడ్డారు. కొందరికి అది పుండు మీద కారం. ఆమెని కావాలని కొండమీంచి దూకించి చంపినవాళ్ళు కూడా నాకు తెలుసు.

మా టెస్టుల్లోనూ ఇదే వరస. ఊరు తగలబెట్టిన పాత్రని నవ్వుతూ క్షమిస్తారు, దాచుకున్న మందు సీసా కొట్టేసిన పాత్రకి మాత్రం శాపనార్థాలు.

అపోహ: డైలాగ్ బాగుంటే ఎంత దురుసు పాత్రైనా నచ్చుతుంది

దీన్ని నమ్మి నేనే బోర్లాపడ్డాను.

రాత్రిపూట పార్సిళ్ళు చేరవేసే ఫోన్ గేమ్ ఒకటి చేశాం. అందులో షెడ్డు ఓనర్‌గా ఒక మామ. బండి పడేస్తే తిడతాడు. 'నీకు బండి ఇచ్చిన నాది తప్పు, నీది కాదు' అని ఒక లైన్ రాశాను. రూంలో చదివి వినిపిస్తే అందరూ పగలబడి నవ్వారు. నేనూ కాలర్ ఎగరేశాను.

టెస్టుకి కాలేజీ కుర్రాడొకడు వచ్చాడు. మూడో లెవెల్లో ఫ్లైఓవర్ మలుపు దగ్గర తొమ్మిదిసార్లు పడ్డాడు. మామ తొమ్మిదిసార్లూ అదే లైన్ అన్నాడు. మొదటిసారి కుర్రాడు నవ్వాడు. రెండోసారి పెదవి కదిలింది. నాలుగోసారి దవడ బిగిసింది. ఆరోసారికి ఇయర్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు. అద్దం ఇవతల నిలబడి నేను ఇదంతా చూస్తున్నాను. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒకటే ముక్క: 'మామని చంపే ఆప్షన్ ఉందా?'

ఆ కుర్రాడికి మామ వ్యక్తిత్వంతో గొడవ లేదు, వచ్చిన గొడవంతా తొమ్మిదితోనే. పేజీ మీద ఒక్కసారి చదివే తిట్టు వేరు, ఓడిపోయి చిరాకులో ఉన్నప్పుడు పదేపదే చెవిలో పడే తిట్టు వేరు. మాటలు మెత్తబరచలేదు. లైన్లు పద్నాలుగు చేశాం. మూడుసార్లు పడ్డాక మామ నోరెత్తడు. ఆరోసారి పడితే 'ముందు టీ తాగు, బండి ఎక్కడికీ పోదు' అంటాడు. తర్వాతి టెస్టులో ఎక్కువసార్లు పడ్డవాళ్ళంతా మామ అభిమానులైపోయారు.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది. ఆటలో చెయ్యి తిరిగిన ఒకమ్మాయి ఒకట్రెండుసార్లు తప్ప పడలేదు. ఆమెకి తిట్లే దొరికాయి, టీ దొరకలేదు. 'వట్టి మొరటు మనిషి, ఎందుకు పెట్టారో' అని రాసింది. ఆమె రాసిన దాంట్లో తప్పేం లేదు. ఆ మామని ఆమె చూడనేలేదు.

అపోహ: ఓపిక పడితే చాలు, పాత్ర మారడం అందరూ చూస్తారు

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో మన వెంట తిరిగే లేజెల్ అనే యోధురాలి సంగతి చూడండి. బోనులో వేలాడుతూ కూడా ఆర్డర్లే వేస్తుంది. విడిపించాక, తన జాతివాళ్ళని చూసిన ఒక శరణార్థి కనిపిస్తే, కబురు చెప్పేముందు వంగి దణ్ణం పెట్టమంటుంది. దయ చూపితే ముఖం మాడ్చుకుంటుంది. కానీ తన రాణి వ్లాకిత్ మీద, తన జాతి శిబిరం మీద ఆమెకి గుడ్డి నమ్మకం. తనకీ మనకీ తలలో ఒక పురుగు పట్టి ఉంటుంది, అలాంటివాళ్ళకి ఆ శిబిరంలో వైద్యం ఉందని అందరినీ లాక్కెళుతుంది. తీరా చూస్తే అక్కడి యంత్రం నయం చేసేది కాదు, ప్రాణం తీసేది. ఆ క్షణం నుంచి ఆమె గొంతులో పెళుసుదనం వేరేగా వినిపిస్తుంది.

చిక్కల్లా, ఒకేసారి వెంట తిరగగలిగేది నలుగురే, అందులో ఒకరు మీరు. మాట పడనివాళ్ళు ఆమెని మొదటి రోజే క్యాంపులో కూర్చోబెడతారు. ఆ శిబిరానికి వెళ్ళకుండా గేమ్ ముగించే దారీ ఉంది. అంటే ఆమె మారడం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే అది చూడరు. ఇది ఆటగాళ్ళ తప్పు అనను. ఇష్టంలేని మనిషితో వంద గంటలు తిరగమని మనం ఎవర్నీ అడగలేం. ఆ మార్పుకి ముందే ఒక చిన్న కిటికీ తెరవడం రచయిత పని. మా మామకి టీ డైలాగ్ మూడోసారికే పెట్టాల్సిందని ఆ గేమ్ ఆడాకే అర్థమైంది.

అపోహ: చెడ్డ పాత్రల్ని ఇష్టపడేవాళ్ళు చెడ్డపనులు చెయ్యాలని ఉవ్విళ్ళూరతారు

లేదండీ. మాస్ ఎఫెక్ట్ గేమ్‌లలో మంచి దారి, మొరటు దారి రెండూ ఉన్నాయి. ఆటగాళ్ళలో 92 శాతం దాకా మంచి దారే పట్టారని ఆ సిరీస్‌కి పనిచేసిన జాన్ ఎబెంగర్ 2020లో చెప్పాడు. మొరటు దారికి తాము చాలా కష్టపడ్డామని కూడా వాపోయాడు. నాకు ఆయన బాధ బాగా తెలుసు. దురుసు పాత్ర పక్కన ఉంటే సరదా, తనే దురుసుగా ఉండమంటే చాలామందికి చెయ్యి రాదు.

అపోహ: మన తెలుగువాళ్ళకి ఇలాంటి పాత్రలు ఎక్కవు

మీటింగుల్లో ఈ మాట తరచూ వింటాను. మయసభలో దుర్యోధనుడి ఏకపాత్రకి స్కూలు వార్షికోత్సవాల్లో తరాలుగా చప్పట్లు కొడుతున్న జనం మనం. ఎక్కకపోవడం ఏంటి?

నిజంగా ఉన్న తేడా భాషలో ఉంది. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే పిలుపు. తెలుగులో రాసేటప్పుడు లేజెల్ లాంటిది 'నువ్వు' అనాలా, 'ఒరేయ్' అనాలా? 'మీరు' అంటూనే గుచ్చాలా? ఒక్కోదానికి ఒక్కో మనిషి పుడతాడు. 'ఏరా' అని పిలిచే మామ ఒక జిల్లా కుర్రాడికి సొంత మేనమామ, ఇంకో కుర్రాడికి బజారు రౌడీ. ఇంగ్లిష్ గేమ్‌లు కింద అక్షరాలు చదువుకుంటూ ఆడే మనవాళ్ళకి ఇంకో తిప్పలు. వెటకారం గొంతులో ఉంటుంది, అక్షరాల్లో ఉండదు. సౌండ్ తగ్గించి, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక ఆడే కుర్రాడికి కనిపించే కెన్నీ మరీ కర్కశంగా ఉంటాడు.

మొన్నామధ్య మా ఇద్దరు వాదులాటగాళ్ళనీ కూర్చోబెట్టి, మొదటి సీజన్‌లో ఎవరేం ఎంచుకున్నారో కాగితం మీద రాయమన్నాను. షాన్ దగ్గరే విడిపోయారు, లారీ దగ్గర మళ్ళీ విడిపోయారు. కాసేపు ఇద్దరూ కాగితాలు మార్చుకుని చూసుకున్నారు. తర్వాత మా టెస్టర్ ఆ యానిమేటర్ కాగితం పక్కన పెట్టుకుని, అతని నిర్ణయాలే పెడుతూ మళ్ళీ మొదటినుంచి ఆడటం మొదలుపెట్టింది. నిన్న అడిగితే ఎక్కడిదాకా వచ్చిందో చెప్పింది. చల్లటి గదిలో ఉప్పు దిమ్మ దగ్గర పాజ్ కొట్టి రెండు రోజులైందట. లిల్లీని పట్టుకోవడానికి చెయ్యి రావట్లేదంది.