అసో అగ్నిపర్వతానికి వెళ్తున్నారా? ఈ అపోహలు ఇక్కడే వదిలేయండి

జపాన్‌లో క్యూషూ దీవి మధ్యన, కుమమోతో ప్రాంతంలో ఉంది అసో. మనవాళ్లను అక్కడ తిప్పడమే నా పని. టికెట్లు బుక్ కాకముందే వాట్సాప్‌లో వచ్చిపడే మాటలు ఇవి.

అపోహ: ఊరు కింద, అగ్నిపర్వతం పైన.

వాస్తవం: అసో స్టేషన్‌లో రైలు దిగారంటే అగ్నిపర్వతం లోపల దిగినట్టే. సుమారు 2.7 లక్షల ఏళ్ల నుంచి 90 వేల ఏళ్ల కిందటి దాకా నాలుగుసార్లు భారీగా పేలింది. అడుగున ఖాళీ అయి నేల కుంగిపోయింది. అలా ఏర్పడ్డ కాల్డెరా ఉత్తర దక్షిణాలుగా 25, తూర్పు పడమరలుగా 18 కిలోమీటర్లు. వరి మళ్లు, బడులు, రైలు పట్టాలు, దాదాపు 50 వేల మంది జనం, అన్నీ ఆ గుంటలోనే. మొత్తం ఒక్క చూపులో కనబడాలంటే ఉత్తరపు గట్టు మీది దైకన్‌బోకి (936 మీటర్లు) వెళ్లాలి. నన్నడిగితే మొదటి మజిలీ అదే.

అపోహ: అంత దూరం వెళ్లాక బిలం (అగ్నిపర్వతం నోరు) చూపించకుండా పంపరు.

వాస్తవం: పంపేస్తారు. అగ్నిపర్వత హెచ్చరిక స్థాయి 2కి చేరితే, ఇప్పటికీ ఆవిరి కక్కే నకదకే శిఖరపు బిలం చుట్టూ ఒక కిలోమీటరు మూసేస్తారు. అన్నిటికన్నా తక్కువదైన స్థాయి 1లో ఉన్నా, గాలి ఇటు మళ్లి సల్ఫర్ డయాక్సైడ్ పెరిగిందంటే అప్పటికప్పుడు జనాన్ని దించేస్తారు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు వెళ్లకూడదు. 1997లో ఈ వాయువుకే ఇద్దరు సందర్శకులు చనిపోయారు. తెరిచి ఉన్న రోజున మాత్రం లోతున పచ్చగా మరిగే నీటి మడుగు, పైకి లేచే ఆవిరి, గొంతులో గరగర. అంచున కనిపించే కాంక్రీటు గూళ్లు ఫొటోల కోసం కట్టినవి కావు. 1958 పేలుడు 12 మందిని బలి తీసుకుంది. రాళ్లు ఎగిరిపడితే దూరాల్సింది వాటిలోకే.

అపోహ: ఆ పచ్చిక కొండలు ప్రకృతి ఇచ్చినవి.

వాస్తవం: రైతులు నిలబెట్టుకున్నవి. ఏటా వసంతం మొదట్లో గడ్డికి నిప్పు పెడతారు, దాన్ని నోయాకి అంటారు. మానేస్తే పొదలు, ఆపైన అడవి. మార్చిలో నల్లటి కొండలు చూసి “లావానా అండీ?” అని అడుగుతారు. కాలిన గడ్డి. వేసవికల్లా అక్కడే ఎర్రావులు మేస్తుంటాయి.

అపోహ: 2016 భూకంపంతో అసో గుడి పోయింది.

వాస్తవం: 1850లో కట్టిన రెండంతస్తుల కొయ్య ద్వారం కూలిన మాట నిజం. పాత కలపను చాలామటుకు మళ్లీ వాడి 2023 డిసెంబరుకి నిలబెట్టారు. ఇక్కడి దేవుడు కొండగట్టును తన్ని, లోపలి సరస్సు నీళ్లు బయటికి పంపి పొలాలు చేశాడని కథ. కాల్డెరాలో ఒకప్పుడు సరస్సు ఉండేదని భూగర్భ శాస్త్రమూ చెబుతోంది. గట్టు తెగిన చోటు పడమటి వైపున తతెనో, రైలు ఇప్పటికీ ఆ సందులోంచే వస్తుంది.

అపోహ: పైకి రోప్‌వే ఉంది.

వాస్తవం: పాత వీడియోల మాట అది. ఇప్పుడు బస్సే. పైదాకా వెళ్తోందో లేదో కౌంటర్‌లో అడిగి టికెట్ కొనండి.