బండి ఆగిన కాడ

చిన్నికి, బబ్లూకి, ఇంకా మా వాడ పిల్లలందరికీ తాత రాసేది.

మొన్న బతుకమ్మ పండుగకు వస్తూ చిన్ని దారిలోంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి ఉప్పల్ నుంచి. రెండోసారీ ఉప్పల్ నుంచే. మూడోసారి "తాతా, ఇంకా ఘట్‌కేసర్ దాటలే. నేనొచ్చేసరికి బతుకమ్మ చెరువుల మునుగుతది" అని ఏడుపు గొంతుతో చెప్పింది. నాకు నవ్వొచ్చింది. టక్కున ఫోన్ పెట్టేసింది. ఇంటికొచ్చాక కూడా ఒక పూటంతా నాతో మాట్లాడలేదు.

అమ్మా, నేను నవ్వింది నిన్ను చూసి కాదు. అదే దారిలో అదే ఏడుపు నేను 22 ఏళ్లు ఏడ్చాను. అప్పట్లో చేతిలో ఫోన్ లేదు కాబట్టి ఇంటికొచ్చాక మీ బాపమ్మ ముందు ఏడ్చేవాణ్ణి, అంతే తేడా.

వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో అప్ అండ్ డౌన్ చేశాను. పోను 140 కిలోమీటర్ల పైచిలుకు, రాను అంతే. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు. మన ఊరు ఆ లెక్కకు కొంచెం లోపల ఉంది కాబట్టి బతికిపోయాను. లేకపోతే అక్కడే ఓ అద్దె ఇల్లు చూసుకునేవాణ్ణి. అది అదృష్టమో కాదో బాపమ్మను అడగండి, ఆమె దగ్గర వేరే లెక్క ఉంది.

తెల్లారి నాలుగింటికి లేవడం, చీకట్లో సైకిల్ మీద స్టేషన్‌కు పోవడం, బోగీలోకి ముందే దూరిన దోస్తు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపడం. ఆఫీసులో మూడు లేట్లయితే ఒక సీఎల్ కట్. బండి ఎందుకు ఆగిందని ఆఫీసరు అడిగితే ఏం చెప్తాం? బండిని నేనే ఆపినట్టు తల దించుకుని సంతకం పెట్టేవాణ్ణి. మీ నాయన పుట్టిన రాత్రి కాజీపేట ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, గంటంబావు ఉన్నాను. స్టేషన్ దీపాలు కనిపిస్తున్నాయి, చాయ్ వాసన కూడా వస్తోందని పక్కనున్నవాడు అన్నాడు. కొందరు దిగి పట్టాల వెంట నడిచిపోయారు. అలా దిగి ఇద్దరు మనుషులు ప్రాణాలు పోగొట్టుకోవడం అంతకుముందు నా కళ్లతో చూశాను కాబట్టి నేను దిగలేదు, మీరూ ఎప్పుడూ దిగొద్దు. ఇంటికి చేరేసరికి మీ నాయన పుట్టడం, ఏడవడం, పడుకోవడం అన్నీ అయిపోయాయి.

బండి ఊరికే ఎందుకు ఆగుతుందో మాతోపాటు వచ్చే ఒక రిటైరైన గార్డు చెప్పాడు. పట్టాలను ముక్కలుగా లెక్కపెట్టి, ఒక ముక్కలో ఒక్క బండినే ఉంచుతారట. ముందు బండి ఆ ముక్క దాటితేనే వెనక బండికి పచ్చ దీపం. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ తరుముకొస్తుంటే మన ప్యాసింజరును పక్కనున్న లూప్ లైన్లో పెట్టి దాన్ని ముందు పంపిస్తారు. ఒకసారి లేటైన బండి తన వంతు పోగొట్టుకుంటుంది. ఇక వచ్చిన ప్రతి బండికీ దారిస్తూ కూర్చోవాలి. పెళ్లిలో మొదటి బంతి తప్పినవాడి గతే. పైగా మనది జంక్షన్ ఊరాయె. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1889కి బెజవాడ చేరింది. 1929కి కాజీపేట నుంచి బల్లార్షా లైన్ కూడా పూర్తయింది. అప్పటి నుంచి ఢిల్లీ బండ్లు, మద్రాసు బండ్లు, హైదరాబాద్ బండ్లు, బొగ్గు వ్యాగన్లు అన్నీ ఆ ఒక్క కాజీపేట గొంతులోంచే దిగాలి. ఇది తెలిశాక నా కోపం తగ్గిందని అనుకోకండి. ఎవరిని తిట్టాలో తెలియక ఇంకా పెరిగింది.

అట్లాంటి ఒక రోజు ఆ గార్డే అన్నాడు, "మన ఊరు పుట్టిందే బండి ఆగినందుకు, ఇంకేం తిడతవు!" అని. ఆ కథ మా అమ్మ చెప్పగా చిన్నప్పుడే విన్నాను, కానీ రైల్లో కూర్చుని విన్నప్పుడు వేరేగా ఉంది. కాకతి రాజుల కాలంలో ఒక బండి హనుమకొండకు వస్తూ దారిలో ఒరిగింది. ఎడ్లు లాగలేవు, మనుషులు లేపలేరు. తీరా చూస్తే రాయికి ఒరుసుకున్న ఇనుప ఇరుసు పచ్చగా మెరుస్తోంది. మొత్తం బంగారం! కింద ఉన్నది పరుసవేది రాయి. రాజుకు కబురు పోయింది. ఆయన వచ్చి ఆ రాయిని శివలింగంగా కొలిచి, దాని చుట్టూ ఊరు కట్టించాడు. బండి ఒరిగిన కల్లు, అంటే రాయి, కాబట్టి ఓరుగల్లు.

ఇది మీ స్కూల్లో చెప్తే సారు ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఓరుగల్లు అంటే ఒంటి రాయి అని పండితుల మాట. కోటలో మీరు ఎక్కి దిగిన ఆ ఏకశిల గుట్టే దానికి సాక్ష్యం, సంస్కృతంలో ఏకశిలానగరం అన్నదీ అందుకే. పరీక్షలో అదే రాయండి. నాకు మాత్రం బండి కథే ఇష్టం. బంగారం సంగతి అందరూ చెప్తారు గానీ, అది బయటపడేదాకా ఎండలో నిలబడి ఆ బండివాడు ఎన్ని తిట్లు తిట్టి ఉంటాడో ఎవరూ చెప్పరు. ఆ తిట్లు నాకు బాగా తెలుసు.

మన దిక్కు కథలన్నీ ఇట్లా దారుల మీదే ఉంటాయి. జనగామ దాటి రఘునాథపల్లి వస్తుంది కదా, అక్కడికి దగ్గరే ఖిలాషాపూర్. సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరు. కల్లు గీసే గౌడ కులంలో పుట్టి, మనుషులను కూడగట్టి, మొగల్ సుబేదార్లకు నిద్ర లేకుండా చేసినవాడు. 1708లో పీర్ల పండుగ రోజుల్లో వరంగల్ మీద పడ్డాడు. ఊరి మీదికి పోయే ముందు తన గుర్రాలవాళ్లను పంపి దారులు మూయించాడట. 1710లో పట్టుకుని చంపారు. ఆ కాలపు ఫారసీ చరిత్రకారులు ఆయనను బందిపోటు అని రాశారు. తంబూర మీటుతూ శారద కథ చెప్పేవాళ్లు మాత్రం కొడుకు కోసం ఏడ్చే తల్లిని ముందు పెట్టి వీరుడిలాగా పాడతారు. రెండూ వినండి. దర్బారులో రాసినవాడికి పోయిన సొమ్ము కనిపించింది, ఊళ్లో పాడినవాడికి పోయిన మనిషి కనిపించాడు. మా బండిని రఘునాథపల్లి లూప్‌లో పెట్టినప్పుడల్లా బోగీలో ఎవడో ఒకడు "పాపన్న ఆపిండు" అనేవాడు. 22 ఏళ్లలో ఆ జోకు పాతపడలేదు, ఎందుకంటే బండి ఆగడం పాతపడలేదు.

ఇప్పుడు మేడారం సంగతి. బబ్లూ పోయిన జాతరకు కారులో పోయి, పస్రా దగ్గర ఐదు గంటలు ఇరుక్కుని, "తాతా, ఇంకోసారి పోను" అన్నాడు. నేను మొదటిసారి పోయింది ఎడ్లబండిలో, నాకు పదేళ్లుంటాయి. ములుగు దాకానే ఒకటిన్నర రోజు. బండిలో బెల్లం బుట్ట, కోళ్ల గంప, వెనక తాడుకు కట్టిన మేకపోతు, మధ్యలో నేనూ మా అక్కా. ములుగు పొలిమేరలో గట్టమ్మ గుట్ట దగ్గర ముందు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ఎడ్లకు నురగలు. మా నాయన దిగి కొబ్బరికాయ కొట్టి, కుంకుమ తెచ్చి ఎడ్ల నొసట పెట్టాడు. "గట్టమ్మకు చెప్పకుంట ముంగటికి పోవద్దు" అన్నాడు. ఇప్పటికీ అంతే. కార్లు, లారీలు, బస్సులు ఏవైనా సరే, ముందు అక్కడ ఆగాల్సిందే. సమ్మక్క వెంట ఉండి పోరాడిన వీరురాలే గట్టమ్మ అని ఆ చుట్టుపక్కల చెప్తారు. కాపలా మనిషికి చెప్పకుండా ఇంట్లోకి ఎవరు పోతారు?

ఆ రాత్రి చెట్ల కింద బండ్లు విప్పి, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మా అమ్మ సమ్మక్క కథ చెప్పింది. అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపిల్ల కోయదొరలకు దొరకడం, పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్లాడడం, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టడం. తర్వాత కరువు. పంటలే లేవు, కప్పం ఎక్కడి నుంచి కడతారు? ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. సంపెంగ వాగు దగ్గర యుద్ధం. అందరూ నేలకొరిగారు. ఓడిపోయానన్న బాధతో జంపన్న ఆ వాగులోనే దూకాడు, అందుకే అది జంపన్న వాగు. సమ్మక్క దెబ్బలతో చిలకలగుట్ట వైపు నడిచిపోయి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్లకు చెట్టు కింద కుంకుమ భరిణె దొరికింది. ఇప్పటికీ రెండేళ్లకోసారి మాఘ పున్నమి రోజుల్లో ఆమె గద్దెకు వచ్చేది ఆ రూపంలోనే.

అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. "అమ్మా, ప్రతాపరుద్రుడు మంచి రాజని బళ్లో చెప్పిండ్రు గద?" అమ్మ గంటె తిప్పుతూ కాసేపు ఆగి, "కోటల ఉన్నోళ్లకు మంచోడే కావచ్చు బిడ్డా" అంది. మీరు చుట్టాలొస్తే కోట తోరణాలు చూపించి మురిసిపోతారు. ఆ కోట రాజు మీద తిరగబడిన తల్లికి మీ ఎత్తు బెల్లం కూడా మోస్తారు. దాన్ని మళ్లీ బెల్లం అనరు, బంగారం అంటారు. ఈ రెంటికీ ఎక్కడా పేచీ రాకుండా మన ఊళ్లు ఇన్ని వందల ఏళ్లు ఎట్లా నడిపించుకొచ్చాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బబ్లూ, పస్రా జాంలో నీకు దొరకనిది ఆ పొయ్యే. ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుంటే పక్క బండివాడు ఎవరో తెలియదు. అంతమాత్రాన పాత రోజులే బాగుండేవని నేను అనను. ఆ ప్రయాణంలో మా అక్కకు జ్వరమొస్తే దగ్గర్లో డాక్టరు లేడు, రాత్రంతా అమ్మ తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. రోడ్డు కావాలి, ఫోన్ కావాలి. కథ చెప్తే ట్రాఫిక్ కదలదు.

ఒక్కసారి మాత్రం అంతా తలకిందులైంది. అది రాసి ఆపేస్తాను.

సంక్రాంతి అయిన తర్వాత, సాయంత్రం బండి. ఆలేరు దాటి పెంబర్తి దగ్గర ఆగింది. ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టే ఊరు, మన పూజ గదిలో ఉన్న పళ్లెం అక్కడిదే. అరగంటయింది, గంటయింది. చలి. బోగీలో దీపాలు ఆరిపోయాయి. చంటిపిల్ల ఒకటి గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు దగ్గర ఐదుగురు ఒగ్గు కథవాళ్లు, మల్లన్న దేవుడి కథ పాడేవాళ్లు, డోళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నగరంలో ఎక్కడో కథ చెప్పి జనగామ పోతున్నారు. జనగామ దిక్కు అంటే ఒగ్గు కథకు పుట్టినిల్లు లెక్క. దాన్ని దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య గారిదీ అక్కడి మాణిక్యాపురమే.

ఎవరో "ఓ మల్లన్న పూజారీ, జర ఆ పిల్లను ఊకోబెట్టరాదూ" అన్నారు. పెద్దాయన ముందు వద్దన్నాడు, గొంతు పోయిందన్నాడు. తర్వాత సంచిలోంచి ఒగ్గు తీశాడు. ఒగ్గు అంటే చిన్న ఢమరుకం, గుప్పిట్లో పట్టేంతే. దాన్ని రెండుసార్లు ఆడించాడు. డోలు మీద ఒకాయన వేళ్లతోనే మెల్లగా అందుకున్నాడు. పిల్ల ఏడుపు ఆపి చీకట్లోకి చూసింది. నొసట పసుపు బండారి, చేతిలో బీడీ నిప్పు, అంతకు మించి ఆయనది ఏమీ కనిపించలేదు. మేడలమ్మ ఇంట ఉండగానే మల్లన్న గొల్ల కేతమ్మ మీద మనసు పడిన ఘట్టం ఎత్తుకున్నాడు. మేడలమ్మ సాధింపు చెప్పేటప్పుడు గొంతు సన్నం చేసి "యాడికి పోతున్నవయ్యా నా పెనిమిటీ" అంటుంటే, పక్క బోగీ ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడి నవ్వారు. వంతలు పాడేవాళ్లు "ఆ... ఆ..." అంటూ అందుకుంటే మాలోనే పదిమంది వంత కలిపారు. మా చాయ్ అమ్మే పిల్లగాడు క్యాను కింద పెట్టి, చాయ్ చల్లారిపోతున్నా కదల్లేదు.

మల్లన్న మారువేషం కట్టాడు. కేతమ్మ ఇంటి వాకిట్లో నిలబడి పిలిచాడు. లోపలి నుంచి అందెల చప్పుడు అని చెప్తూ పెద్దాయన ఒగ్గును సన్నగా ఆడించాడు. సరిగ్గా అప్పుడు ముందు నుంచి కూత. బోగీ ఒక్క కుదుపు కుదిపింది, దీపాలు వెలిగాయి. "అరె, ఇప్పుడే కదలాల్నా ఈ బండి!" అని అరిచాడు చాయ్ పిల్లగాడు. ఏళ్ల తరబడి ఆ బండెక్కుతున్నాను, అది కదిలినందుకు ఎవరైనా తిట్టడం వినడం అదొక్కసారే.

పది నిమిషాల్లో జనగామ. వాళ్లు డోళ్లు భుజాన వేసుకుని దిగిపోయారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి "తర్వాతేమైంది?" అని అరిస్తే పెద్దాయన చెయ్యి ఊపాడు. కొమురవెల్లి మల్లన్న గుడికి రమ్మన్నాడో, రేపు చెప్తానన్నాడో, ఊరికే పోయొస్తానన్నాడో తెలియలేదు. ఆ తర్వాత ఒగ్గు కథ చాలాసార్లు విన్నాను, కేతమ్మ తలుపు తీయడమూ విన్నాను. ఆయన చెప్పిన కథలో మాత్రం మల్లన్న ఇంకా ఆ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

మీ తాత