ఫోన్ ఫత్వా ఇస్తుందా? ఏఐ మీద అపోహలు - వాస్తవాలు

వరంగల్ మండి బజార్ దగ్గర ఒక మదర్సాలో ఫిఖ్హ్ (ఇస్లాం ధర్మశాస్త్రం) చెబుతాను. ఇప్పుడు మస్లా (మతపరమైన సందేహం) అడగడానికి వచ్చేవాళ్లలో చాలామంది ముందే ఏఐని అడిగేసి వస్తున్నారు.

అపోహ: వారసత్వం లెక్కల పనే కదా, ఏఐ చాలు.

వాస్తవం: లెక్క మటుకు బాగానే చేస్తుంది. మొన్న ఒక కుర్రాడు వచ్చి, "మౌల్వీ సాబ్, వాటాలు తేలిపోయినయ్, ఒక్కసారి చూడండి" అని ఫోన్ నా ముందు పెట్టాడు. తండ్రి పోయాడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆస్తి 120 భాగాలైతే భార్యకు 15, తల్లికి 20, కొడుకులకు చెరి 34, కూతురికి 17. ఖుర్ఆన్ నాలుగో సూరా ప్రకారం సరిగ్గానే ఉంది.

"మీ అమ్మకు మహర్ ముట్టిందా?" అన్నాను. కుర్రాడు తెల్లమొహం వేశాడు. మహర్ అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము. ఇవ్వకుంటే అది అప్పు కిందికే వస్తుంది. కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, అప్పులు, మిగిలినదాంట్లో మూడో వంతు దాటకుండా వసియ్యత్ (వీలునామా), ఇవన్నీ తీసేశాకే వాటాలు. ఫోన్ అడగలేదు, ఇతనికి చెప్పాలని తెలియదు. ఫత్వా (మతపరమైన తీర్పు) ఇచ్చే ముఫ్తీ పనిలో సగం ఎదురు ప్రశ్నలే. తలాక్ మస్లా అయితే మరీను: ఏ మాట అన్నాడు, ఎన్నిసార్లు అన్నాడు, ఒంటి మీద తెలివి ఉందా అని గంటసేపు కూర్చోబెట్టి అడుగుతాం.

అపోహ: ఏఐ హదీసుకు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) నంబరు కూడా ఇచ్చింది, అంటే నిజమే.

వాస్తవం: నంబరు ఉంటే చాలదు. రంజాన్‌లో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది, కింద "సహీహ్ బుఖారీ 8412" అని ఉంది. ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్కలో బుఖారీ హదీసుల సంకలనం 7563తోనే అయిపోతుంది! ఎవరి నుంచి ఎవరు విన్నారనే ఇస్నాద్ గొలుసులో ఒక్క మనిషి నమ్మకస్తుడు కాకపోయినా మా పెద్దలు ఆ హదీసును పక్కన పెట్టేవారు. ఏఐ మాటకు అసలు గొలుసే ఉండదు.

అపోహ: ఏఐ హరామ్.

వాస్తవం: కాదు. లోకవ్యవహారాల్లో నిషేధానికి ఆధారం ఉంటే తప్ప ఏ వస్తువైనా అనుమతమే. అల్గారిథమ్ అనే మాటే తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. ఆయన బీజగణితం పుస్తకంలో పెద్ద భాగం వారసత్వ లెక్కలే.

నేనూ వాడతాను. ఫలానా మాట ఏ కితాబులో ఉందో వెతకమంటాను. తర్వాత బీరువా తీసి, ఆ పేజీ చూస్తాను. ఒక్కోసారి పేజీ ఉంటుంది, మాట ఉండదు.