పాత లారీ కార్బొరేటర్: మార్చే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే హిందూపురం నుంచి ఫోన్. "అన్నా, మా తాత షెవర్లే లారీ స్టార్టవుతుంది గానీ ఐడ్లింగ్‌లో నిలబడదు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ పోయిందంట. అమెరికా నుంచి కొత్తది తెప్పించేదా?"

ఇదే ప్రశ్న నెలకు రెండు మూడు సార్లు వింటాను. ఎవరు చూసి చెప్పారని అడిగితే ఎవరూ చూసి ఉండరు. ఏదో వీడియోలో అన్నారు, పక్క షెడ్డులో అన్నారు, అంతే. బెంగళూరులో ఇన్నేళ్లుగా పాత పెట్రోల్ బళ్లే బాగుచేస్తున్నాను. షెవర్లే 216, 235, డాడ్జ్, ఫార్గో, బెడ్‌ఫర్డ్, ఆర్మీ వేలంలో వచ్చిన నిస్సాన్ వన్‌టన్, జోంగా, అన్నీ ఆరు సిలిండర్లవే. వాటి ఓనర్లు తాత గుర్తని, నాన్న గుర్తని దాచుకున్నవాళ్లు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయంతో పెట్టే అనవసరపు ఖర్చు చూస్తేనే కడుపు మండుతుంది.

అపోహ: మిస్సింగ్ కొట్టినా (సిలిండర్ సరిగా మండక ఇంజన్ తడబడినా), ఐడ్లింగ్ నిలవకపోయినా కార్బొరేటర్ పోయినట్టే. కొత్తది బిగిస్తే సరి.

ఆరు సిలిండర్లకూ ఉన్నది ఒక్కటే కార్బొరేటర్. అందులో తేడా ఉంటే ఆరింటిలోనూ కనబడాలి. కాబట్టి నేను ముందు పట్టేది ప్లగ్ స్పానర్. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి ఆపి, ఆరు ప్లగ్గులూ విప్పి, ముందు నుంచి వెనక్కి వరసగా ఒక పాత గుడ్డ మీద పెట్టండి. ఆరూ నల్లగా మసిబారి ఉంటే కార్బొరేటర్‌ను అనుమానించండి. చోక్ పూర్తిగా తెరుచుకోవట్లేదేమో, ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నె, అంటే బౌల్‌లో పెట్రోల్ మట్టం) ఎక్కువైందేమో చూడాలి. ఆరూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు. నాలుగు మంచి గోధుమ రంగులో ఉండి ముందు రెండే తెల్లబడితే మాత్రం కార్బొరేటర్ జోలికి పోవద్దు. ఈ షెవర్లే ఇంజన్లలో ఇన్‌టేక్ పోర్టులు మూడే. ఒకటి-రెండు, మూడు-నాలుగు, ఐదు-ఆరు జంటలుగా గాలి పీల్చుకుంటాయి. ముందు పోర్టు దగ్గర మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) గ్యాస్కెట్ పోతే ఆ రెండు సిలిండర్లకే దొంగ గాలి వెళ్తుంది. ఒక్క ప్లగ్గే తడిగా ఉంటే ఆ ప్లగ్, దాని వైరు, ఆ సిలిండర్ వాల్వులు చూసుకోండి.

బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతోందన్నది ఇంకో గుర్తు. ఐడ్లింగ్‌లో గాలి దారిని మూసి తెరిచే థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది, మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది, ఏ చిన్న సందున్నా గాలి లాగేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, లీకు ప్రభావం తగ్గిపోతుంది. అందుకే ఐడ్లింగ్‌లో ఏడిపించి రోడ్డు మీద బాగా లాగే బండికి ముందు ఎయిర్ లీక్ వెతకాలి. ఐడ్లింగ్ బాగుండి, లోడ్ పడగానే మిస్సయ్యే బండికి ముందు స్పార్క్ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ఆ తర్వాత పెట్రోల్ సరఫరా చూడాలి.

లీకు వెతకడానికి మ్యానిఫోల్డ్ మీద పెట్రోల్ చల్లేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, పక్కనే ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ ఉంది. రెండడుగుల రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గ్యాస్కెట్ అంచు వెంట మెల్లగా తిప్పండి. ఫ్యాన్‌కు మాత్రం దూరంగా ఉండండి. లీకున్న చోట బుస్సుమని పాము బుసలా వినిపిస్తుంది. ఇది నాకు నేర్పింది మా గురువు. ఆయన దగ్గర గేజీలు లేవు, ఈ గొట్టమే ఉండేది.

రెండేళ్ల కింద మదనపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాళ్ల నాన్న వేరుశనగ మూటలు తోలిన లారీ. ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ అని చెప్పి, అంతకుముందు చూసిన మెకానిక్ రెండు కార్బొరేటర్లు మార్పించాడు. కస్టమ్స్‌తో కలిపి నలభై వేలు దాటిందట. అయినా ఘాట్ ఎక్కితే అదే మిస్సింగ్. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే పాయింట్లు మాడిపోయి గుంటలు పడి ఉన్నాయి. కండెన్సర్ వేడెక్కితే పనిచేయడం మానేస్తోంది. కొన్ని వందల రూపాయల సరుకుతో ఆ సాయంత్రానికే బండి బాగైంది. ఆయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "మా నాయన చేత్తో తుడిచిన పాత కార్బొరేటర్ దొరుకుతుందా?" అని మాత్రం అడిగారు. దాన్ని అప్పుడే తూకానికి వేసేశారట. రెండు ఆదివారాలు శివాజీనగర్ గుజిరీ అంతా తిరిగాం. దొరకలేదు.

కాబట్టి వరస ఇది: వాల్వ్ క్లియరెన్సు, కంప్రెషన్, పాయింట్లు, కండెన్సర్, టైమింగ్, మ్యానిఫోల్డ్, ఏసీ పంప్ (ఇంజనే నడిపే పెట్రోల్ పంపు). ఇవన్నీ బాగుంటేనే కార్బొరేటర్. అప్పుడు కూడా ముందు రిపేరే. బాడీ పగిలితేనో, వంకర సరిచేయలేనంతగా ఉంటేనో మార్చాలి. మార్చినా పాతది ఇంట్లోనే ఉంచుకోండి.

అపోహ: రిపేర్ కిట్ వేస్తే రిపేరు అయిపోయినట్టే.

కిట్‌లో గ్యాస్కెట్లు, నీడిల్-సీట్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ను ఆపే వాల్వు), యాక్సిలరేటర్ పంపు, చిన్న బాల్స్ వస్తాయి. అరిగిన థ్రాటిల్ షాఫ్టుకు (థ్రాటిల్ ప్లేటు తిరిగే కడ్డీకి) అందులో మందు లేదు. షాఫ్టు కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. టకటక ఆడితే గాలి అక్కడి నుంచే వెళ్తోంది. ఏ కిట్ వేసినా ఐడ్లింగ్ నిలవదు. లేత్ వాళ్ల దగ్గర రంధ్రం రీమ్ చేయించి ఇత్తడి బుష్ దిగ్గొట్టించాలి. విప్పే ముందు ప్లేటు ఏ వైపు ఉందో గీత పెట్టుకోండి. ప్లేటు స్క్రూలను మళ్లీ బిగించాక చివరలు నొక్కి లాక్ చేయండి. ఒక్కటి ఊడిపడినా నేరుగా ఇంజన్‌లోకే పోతుంది.

రోచెస్టర్ బీ రకం కార్బొరేటర్ ఉన్నవాళ్లు పై మూతను కూడా చూసుకోవాలి. ఫ్లోట్ దానికే వేలాడుతుంది. స్క్రూలను బలం కొద్దీ బిగించీ బిగించీ ఆ మూత వంగుతుంది. ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రం) మూసుకుంటే తీగతో పొడవాలి, పికప్ లేకపోతే డ్రిల్‌తో పెద్దది చేయాలి.

రెండూ తప్పే. జెట్ రంధ్రం కొలతకు చేసింది, ఒక్క గీత పడినా కొలత మారుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, చాలు.

అపోహ: వాక్యూమ్ గేజ్ తక్కువ చూపిస్తే ఇంజన్ పని అయిపోయినట్టే.

సముద్రం దగ్గర మంచి ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 ఇంచులు (పాదరసం కొలతలో) చూపిస్తుంది. బెంగళూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, వెయ్యి అడుగులకు ఒక ఇంచు తగ్గుతుంది. ఇక్కడ 15 చూపించినా, ముల్లు వణక్కుండా నిలబడితే టెన్షన్ పడాల్సిన పనిలేదు. చెన్నైలో ట్యూన్ చేసిన బండి ఇక్కడ కొంచెం రిచ్‌గా (గాలికి పెట్రోల్ ఎక్కువై) నడవడం కూడా ఎత్తు వల్లే.

అపోహ: ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోస్తే పాత బండి చచ్చిపోతుంది.

ఈ20 అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే మొదలుపెట్టారు. దానితో ఇబ్బంది ఉన్నమాట నిజమే, కానీ చేతిలో ఉన్నదే. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు కాబట్టి, అదే జెట్‌తో మిక్స్‌చర్ లీన్ (గాలి ఎక్కువ) అవుతుంది, మిక్స్‌చర్ స్క్రూ కాస్త విప్పితే ఐడ్లింగ్ సర్దుకుంటుంది. ఎత్తు వల్ల వచ్చే రిచ్‌నెస్ కూడా మనకు కొంత కలిసొస్తుంది. అసలు నష్టం పాత రబ్బరుకు, జింకు బాడీకి. నీళ్లు పీల్చుకున్న పెట్రోల్ బౌల్‌లో నిలవ ఉంటే అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి. నెలల తరబడి బండి తీయనివాళ్లు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి బౌల్ ఖాళీ చేయండి. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోల్ కంపు కొడితే బండి తీయొద్దు, డయాఫ్రం చిరిగి ఉండొచ్చు.

ఇంకొకటి. ఏసీ పంప్ తీసేసి ఇంజెక్షన్ కారు ఎలక్ట్రిక్ పంపు పెట్టకండి. ఈ కార్బొరేటర్‌కు కావాల్సింది నాలుగు పీఎస్ఐ దగ్గర, అది తోసేది నలభై పైన. నీడిల్ ఆపలేదు, పెట్రోల్ పైనుంచి ఎగ్జాస్ట్ మీదికి కారుతుంది. అలా మాడిన బానెట్ ఒకటి నా కళ్లతో చూశాను.

హిందూపురం తమ్ముడిని ఆ రోజే ఆరు ప్లగ్గులు వరసగా పెట్టి ఫోటో పంపమన్నాను. సాయంత్రం వచ్చింది. నాలుగు గోధుమ రంగు, ముందు రెండు తెల్లన. వచ్చే ఆదివారం మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ మారుస్తున్నాడు. ఆ బోల్టులు పాతవి, ఒక్కసారిగా బలం పెడితే హెడ్‌లోనే విరుగుతాయి. శనివారం రాత్రే వాటికి నూనె పట్టించి ఉంచమని చెప్పాను.