అల్లాయ్ వీల్స్‌కి టైరు సైజు: మా షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన వానాకాలంలో ఒక కుర్రాడు స్విఫ్ట్ తీసుకుని వచ్చాడు. "అన్నా, వెనకాల ముగ్గురు కూర్చుంటే చాలు, గరగరమని సౌండ్ వస్తోంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మరీ ఎక్కువ" అన్నాడు. బండిని లిఫ్ట్ మీద ఎత్తి చూశాం. వెనక చక్రం పైన ఫెండర్ అంచుకి పెయింట్ లేచిపోయి రేకు మెరుస్తోంది. టైరు భుజం మీద చుట్టూతా ఒక గాడి, గోరు పెడితే దిగేంత లోతు. ఆ టైర్లు కొని నాలుగు నెలలు కూడా కాలేదు.

ఆ బండికి కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల చక్రాలు. అతను డిజైన్ నచ్చి 17 అంగుళాల రిమ్ములు కొన్నాడు. వాటికి ఏ టైరు దొరికితే అది, 205/50, ఎక్కించాడు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ముందు టైరు సైజు తేల్చుకోవాలి, దానికి సరిపడే రిమ్ము ఆ తర్వాత వెతకాలి. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ నేను అందరికీ ఇదే చెబుతున్నాను.

అపోహ: రిమ్ము పెద్దదైతే చక్రం పెద్దదవుతుంది, బండి ఎత్తు పెరుగుతుంది.

చక్రం మొత్తం ఎత్తు రిమ్ము ఒక్కదానితో తేలదు. రిమ్ము, దానికి పైనా కిందా ఉన్న టైరు గోడలు, మూడూ కలిస్తేనే చక్రం. టైరు మీద 185/65 ఆర్ 15 అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆర్ అంటే రేడియల్ రకం టైరు. 15 అంటే రిమ్ము అంగుళాలు. అంగుళానికి 25.4 చొప్పున 381 మిల్లీమీటర్లు. పైగోడ, కిందిగోడ, రిమ్ము కలిపితే 621.5 మిల్లీమీటర్లు.

ఇదే లెక్క స్విఫ్ట్ కింది మోడల్‌కి వచ్చే 165/80 ఆర్ 14కి వేస్తే 619.6 వస్తుంది. 195/55 ఆర్ 16కి వేస్తే 620.9. రిమ్ము 14 నుంచి 16కి పెరిగినా చక్రం ఎత్తులో తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు. రిమ్ము పెరిగిన మేరకు టైరు గోడ తగ్గాలి. సరైన మార్పు అంటే అదే.

మరి ఆ కుర్రాడి 205/50 ఆర్ 17? 636.8. అసలుదానికంటే 17 మిల్లీమీటర్లు ఎక్కువ. అందులో సగం, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, ఫెండర్ వైపు పైకి పోయింది. వెనక సీటు నిండితే స్ప్రింగులు దిగుతాయి, ఉన్న కాస్త సందూ పోతుంది. అదే 17 రిమ్ముకి 205/45 వేసి ఉంటే 616.3 వచ్చేది, అసలుదానికి మూడు మిల్లీమీటర్ల తేడాలో ఉండేది.

చక్రం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదనేది మా పనిలో అందరూ పాటించే హద్దు. నా మటుకు నేను ఒకటిన్నర శాతం లోపే చూస్తాను. చక్రం పెద్దదైతే మీటరు 100 చూపించేటప్పుడు బండి అంతకంటే వేగంగా పోతుంటుంది. చిన్నదైతే మీటరులో కిలోమీటర్లు ఊరికే ఎక్కువ తిరుగుతాయి, బండి కూడా నేలకి దగ్గరవుతుంది. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేస్తే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్లకి చక్రాల వేగాల్లో తేడా కనిపిస్తుంది. వార్నింగ్ లైటు వెలిగాక మా దగ్గరికి వచ్చినవాళ్లూ ఉన్నారు.

అపోహ: టైరు ఎంత వెడల్పైతే అంత గ్రిప్పు.

పొడి రోడ్డు మీద కొంతవరకు నిజమే. వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు మాత్రం వెడల్పు టైరు నీటిని చీల్చుకుని కిందికి దిగడానికి ఎక్కువ ఇబ్బంది పడుతుంది, తొందరగా నీళ్ల మీద తేలుతుంది. మైలేజ్ కూడా తగ్గుతుంది.

ఇంకోటి, ఏ వెడల్పు రిమ్ముకైనా ఏ వెడల్పు టైరైనా నప్పదు. రిమ్ము మీద 5.5జె, 6జె అని రాసి ఉండేది దాని వెడల్పే, అంగుళాల్లో. 185/65 ఆర్ 15కి 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము, 195/55 ఆర్ 16కి 5.5 నుంచి 7 వరకు సరిపోతుంది. రిమ్ము మరీ వెడల్పైతే టైరు గోడలు బయటికి లాగినట్టు వాలిపోయి ఉంటాయి. చూడ్డానికి స్టైల్‌గా ఉందని కావాలని అలా వేయించుకునేవాళ్లు ఉన్నారు. గుంతలో పడినప్పుడు ఆ టైరు అంచు రిమ్ము నుంచి ఊడి గాలి మొత్తం ఒక్కసారిగా పోవచ్చు. ఎంత బతిమాలినా నేను అలా బిగించను.

అపోహ: సైజు కలిస్తే చాలు, చివర ఉన్న నంబరు ఎవరికి కావాలి?

నన్ను అడిగితే అన్నింటికంటే ప్రమాదకరమైన అపోహ ఇది. సైజు పక్కనే 85టీ, 88హెచ్ అని ఉంటుంది. అంకె ఆ టైరు మోయగల బరువు, అక్షరం తట్టుకోగల వేగం. 84 అంటే 500 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560. టీ అంటే గంటకి 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210.

ఇప్పుడు పైన చెప్పిన 205/45 ఆర్ 17నే తీసుకోండి. మామూలు రకంలో దాని అంకె 84. అంటే చూడ్డానికి బలంగా, వెడల్పుగా కనిపించే ఆ టైరు, కంపెనీ ఇచ్చిన 165 సన్న టైరు కంటే ఒక్కోటి 15 కిలోలు తక్కువ మోస్తుంది. గోడ తగ్గితే లోపల గాలి తగ్గుతుంది, బరువు మోసేది ఆ గాలే. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న, ఎక్కువ బరువు మోసే రకం దొరుకుతుంది, దానికి 88 ఉంటుంది. తీసుకుంటే అదే తీసుకోవాలి. దానికి గాలి కూడా మామూలు టైరు కంటే కొంచెం ఎక్కువ పెట్టాలి. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె కంపెనీ సైజు కోసం రాసింది, కొత్త సైజుకి అది అలాగే పనికిరాదు. ఎంత పెట్టాలో బిగించినవాళ్లని అడిగి రాయించుకోండి.

కంపెనీ టైరు మీద ఉన్న అంకె కంటే తక్కువది ఎప్పుడూ వేయించకండి. సమానం, లేదా ఎక్కువ.

అపోహ: నాలుగు బోల్టు రంధ్రాలు కూర్చుంటే రిమ్ము సరిపోయినట్టే.

స్విఫ్ట్‌కీ ఐ20కీ నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. కొన్ని ఫియట్ బండ్లకి అది 98. రెండు మిల్లీమీటర్లేగా అని బలవంతంగా బిగిస్తే బిగుస్తుంది కూడా. బోల్టులు వంకరగా లాగబడి, రోజూ కొంచెం కొంచెం అలిసిపోయి, ఏదో ఒకరోజు విరుగుతాయి.

రిమ్ము నడిమధ్య రంధ్రం కూడా చూడాలి. బయట అమ్మే రిమ్ములకి అన్ని బండ్లకీ పట్టాలని దాన్ని పెద్దగా చేస్తారు. హబ్బుకీ (బండికి చక్రం బిగించే భాగానికీ) రిమ్ముకీ మధ్య మిగిలిన సందుని సెంటర్ రింగుతో పూడ్చకపోతే 80, 90 స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది. మూడు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోలేదని ఒకాయన వచ్చారు. సరైన కొలత రింగులు నాలుగు వేశాం, ఆ రోజే పోయింది.

రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి, అది హబ్బుకి ఆనే చోటు ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. దాని సంగతి లెక్కతో చెబితేనే అర్థమవుతుంది. పాత రిమ్ము 5.5జె, ఆఫ్‌సెట్ 45 అనుకుందాం. కొత్తది 7జె, ఆఫ్‌సెట్ 35. వెడల్పు పెరిగినందుకు ఒక్కో వైపు 19 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ తగ్గినందుకు బయటి వైపు ఇంకో 10. మొత్తం 29 మిల్లీమీటర్లు చక్రం బయటికి వస్తుంది. లోపలి వైపు సస్పెన్షన్‌కి 9 దగ్గరవుతుంది. ఆ కుర్రాడి బండికి ఎత్తుతో పాటు ఈ బాధ కూడా ఉంది. అందుకే బిగించాక వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి చూసుకోకుండా షాపు వదలకండి.

అపోహ: అల్లాయ్ అంటే తేలిక.

అన్నీ కాదు. పోత పోసిన చవక 17 అంగుళాల రిమ్ము, కంపెనీ ఇచ్చిన 14 ఇనుప రిమ్ము కంటే బరువుండటం మామూలే. కాటా మీద పెట్టి తూయించుకోండి, రెండు నిమిషాల పని.

అపోహ: సన్న గోడ టైరుకి గాలి దండిగా పెడితే గుంతల్లో రిమ్ముకి ఏమీ కాదు.

అవసరమైనంత గాలి ఉండాలి, అది నిజం. అంతకు మించి పెడితే దెబ్బ నేరుగా లోపలికి వెళుతుంది. గోడ 132 మిల్లీమీటర్లు ఉన్నచోట 92కి దించాక గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య అడ్డుండే రబ్బరు అంత తగ్గినట్టే. వానాకాలంలో మా దగ్గరికి వచ్చే టైర్లలో గోడకి గుడ్డంత బుడగ లేచినవి ఎక్కువగా ఇలాంటివే. లోపలి దారాలు తెగితేనే ఆ బుడగ వస్తుంది. దానికి ప్యాచ్ లేదు, రిపేరు లేదు. ఆ టైరు తీసేయాల్సిందే. మన రోడ్ల మీద రోజూ తిరిగే బండికి కంపెనీ కంటే ఒక అంగుళం, మహా అయితే రెండు. అంతకు మించి పెంచమని నేను ఎవరికీ చెప్పను. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చే సైజు ఉంటే కళ్లు మూసుకుని దానికే వెళ్లండి. స్విఫ్ట్‌కి అయితే అది 185/65 ఆర్ 15. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పుకోవడం కూడా తేలిక. చక్రాలు మార్చిన సంగతి వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేసి, బిల్లు దాచుకోండి.

ఆ కుర్రాడు చివరికి 17 రిమ్ములు అమ్మేసి, 16 అంగుళాలవి తీసుకుని 195/55 వేయించుకున్నాడు. స్టెప్నీ మాత్రం పాత 14 ఇనుప చక్రమే. ఎత్తు దాదాపు సమానం కాబట్టి పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికి అది పనికొస్తుంది. అయితే అల్లాయ్‌తో వచ్చిన నట్లు ఇనుప రిమ్ములో సరిగ్గా కూర్చోకపోవచ్చు. అతని పాత నట్లు ఒక్క చక్రానికి సరిపడా కవర్లో కట్టి, జాకీ పక్కన డిక్కీలో పెట్టి పంపించాం.