ఎన్ని వారాలు?

2018 ఆగస్టు 5, పెర్త్. వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్ జట్లు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. బంతికి దూరంగా ఇద్దరు ఆటగాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ పరుగెడుతున్నారు. వారిలో వెస్ట్ కోస్ట్‌కు చెందిన ఆండ్రూ గాఫ్ ఉన్నట్టుండి చెయ్యి విసిరాడు. ఆ పిడికిలి పద్దెనిమిదేళ్ల ఆండ్రూ బ్రేషా నోటి మీద పడింది. దవడ విరిగింది, పళ్లు కదిలిపోయాయి. బ్రేషాను బయటికి తీసుకుపోయారు. గాఫ్ మాత్రం చివరిదాకా ఆడాడు. ఈ ఆట జాతీయ లీగ్‌లో రెడ్ కార్డు లేదు. కొట్టినవాడు మైదానంలో ఉంటాడు, దెబ్బ తిన్నవాడు ఆసుపత్రికి వెళతాడు. లెక్క తేల్చేది తర్వాత, లీగ్ విచారణ మండలి అయిన ట్రైబ్యునల్ గదిలో.

2023 సెప్టెంబరు 7, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. 2024 డిసెంబరులో మన నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు శతకం కొట్టిన మైదానమే. క్రికెట్ లేని నెలల్లో అది ఫుట్‌బాల్‌ది. ఆ రాత్రి మెల్‌బోర్న్ జట్టు ఆటగాడు ఆంగస్ బ్రేషా బంతిని తన్నాడు. దాన్ని చేతులతో అడ్డుకుందామని కాలింగ్‌వుడ్ ఆటగాడు బ్రేడెన్ మేనార్డ్ ఎదురుగా గాల్లోకి ఎగిరాడు. బంతి దాటిపోయింది. మేనార్డ్ భుజం ఆంగస్ తలను తాకింది. తలకు హెల్మెట్ ఉన్నా ఆంగస్ స్పృహ తప్పి పడిపోయాడు.

గాఫ్‌కు ఎనిమిది మ్యాచ్‌ల సస్పెన్షన్. మేనార్డ్‌కు ఏమీ లేదు.

ఆండ్రూ, ఆంగస్ అన్నదమ్ములు. దవడ విరిగిన తమ్ముడు మరుసటి ఏడాదే తిరిగి వచ్చాడు. ఎవరి తప్పూ లేదని ట్రైబ్యునల్ తేల్చిన ఘటనలో పడిపోయిన అన్న మళ్లీ ఆడనేలేదు. 2024 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, వైద్యుల సలహాతో ఆటకు స్వస్తి చెప్పాడు.

ఇంతకీ శిక్ష దేనికి? కొట్టినవాడి ఉద్దేశానికా, తగిలినవాడికి జరిగిన నష్టానికా? ఈ రెంటిలో ఏది ముఖ్యమో ఆ ఆట పెద్దలు దశాబ్దాలుగా మార్చి మార్చి చెబుతున్నారు. అభిమానులు దాన్ని ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటారు. వాళ్లు మరీ తప్పు కాదు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. కోలగా ఉండే పెద్ద మైదానంలో జట్టుకు పద్దెనిమిది మంది ఆడతారు. ఒంటికి రక్షణ కవచాలు ఉండవు. బంతి దగ్గరలో ఉంటే ఎదుటివాణ్ణి భుజంతో ఢీకొట్టడం నిబంధనలకు లోబడినదే. దాన్ని బంప్ అంటారు. అంటే దెబ్బ అనేది ఆటలోనే ఉంది. ఏది ఆట, ఏది దాడి అన్న గీత ఎక్కడ గీయాలన్నదే అసలు తగువు. సస్పెన్షన్‌ను అక్కడ మ్యాచ్‌లలో కాక వారాలలో చెప్పుకుంటారు. సోమ, మంగళవారాలు వస్తే ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో ఆఫీసుల్లోనూ రైళ్లలోనూ వినిపించే ప్రశ్న ఒకటే: "ఎన్ని వారాలు?"

అన్ని వారాలూ ఒకటి కావన్నది పాత సంగతి. 1951లో ఎసెండన్ జట్టుకు జాన్ కోల్‌మన్ అనే ఆటగాడు ఉండేవాడు. 1949లో తన మొదటి మ్యాచ్‌లోనే పన్నెండు గోల్స్ కొట్టినవాడు. ఫైనల్స్ మొదలయ్యే ముందు, లీగ్ దశ చివరి మ్యాచ్‌లో, కార్ల్‌టన్ ఆటగాడు హ్యారీ కాస్పర్ అతన్ని కొట్టాడు. కోల్‌మన్ తిరిగి కొట్టాడు. ట్రైబ్యునల్ ఇద్దరికీ చెరి నాలుగు వారాలు వేసింది. తక్కెడ సమంగానే తూగింది కదా అనిపిస్తుంది. కాస్పర్ జట్టుకు ఆ వారాల్లో పోయేది లేదు. ఎసెండన్ మాత్రం కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్‌ను కోల్‌మన్ లేకుండా ఆడి, జీలాంగ్ చేతిలో 11 పాయింట్ల తేడాతో ఓడింది. మొదట కొట్టినవాడికీ, తిరగబడినవాడికీ ఒకే శిక్షా అన్న ప్రశ్న ఆ క్లబ్బు అభిమానుల నోట తరాలపాటు నానింది.

అప్పట్లో అంపైర్ చూస్తేనే నేరం. అతని కంట పడనిది జరగనట్టే. ఆ రోజులకు తెరదించింది 1985 జూన్‌లో హాథార్న్, జీలాంగ్ మ్యాచ్. హాథార్న్ కెప్టెన్ లీ మాథ్యూస్ అప్పటికే ఆ ఆటలో మహామహుడు. బంతి వేరేచోట ఉండగా జీలాంగ్‌కు చెందిన నెవిల్ బ్రన్స్‌ను కొట్టాడు. బ్రన్స్ దవడ విరిగింది. అంపైర్లు ఎవరూ చూడలేదు కాబట్టి రిపోర్ట్, అంటే ట్రైబ్యునల్‌కు ఫిర్యాదు, లేదు. అదే మ్యాచ్‌లో జీలాంగ్ ఆటగాడు స్టీవ్ హాకింగ్ బదులు తీర్చుకుని మాథ్యూస్ ముక్కు పగలగొట్టాడు. తర్వాత లీగ్ విచారణ జరిపి, మాథ్యూస్ నమోదును నాలుగు వారాలు రద్దు చేసింది. పోలీసులూ ఊరుకోలేదు. మైదానంలో జరిగినదానిపై దాడి కేసు పెట్టారు. కోర్టు వెయ్యి డాలర్ల జరిమానా వేసింది, అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. కానీ తెల్లగీత లోపల దేశ చట్టం వర్తించదన్న భ్రమకు అక్కడ బీట పడింది. ఆ తర్వాత కెమెరాకు సాక్షి హోదా దక్కింది. మరో విడ్డూరం చూడండి: 2018లో గాఫ్ కేసు నడిచినప్పుడు లీగ్‌లో ఫుట్‌బాల్ వ్యవహారాలు చూస్తున్న పెద్ద అధికారి ఈ హాకింగే.

కెమెరా వస్తే న్యాయం సమానమవుతుందని అందరూ ఆశపడ్డారు. 1997లో ఏమైందంటే, వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఆటగాడు క్రిస్ గ్రాంట్ హాథార్న్‌కు చెందిన నిక్ హాలండ్‌ను కొట్టాడని మైదానంలో అంపైర్లు రిపోర్ట్ చేయలేదు. వీడియో చూసి లీగే కేసు పెట్టింది. ఒక వారం పడింది. ఆ ఏడాది బ్రౌన్‌లో అనే పతకం ఓట్లలో గ్రాంట్‌కు 27 వచ్చాయి, రాబర్ట్ హార్వీకి 26. పతకం హార్వీకి వెళ్లింది. 1924 నుంచి ఇస్తున్న ఆ పతకం అత్యుత్తమ ఆటగాడికి మాత్రమే కాదు, మర్యాదగా ఆడినవాడికి. సస్పెన్షన్ ఉన్నవాడు అనర్హుడు. ఒక్క వారం శిక్ష ఒకడికి ఒక మ్యాచ్, మరొకడికి జీవితకాలపు పతకం.

దీంతో 2005లో లీగ్ ఒక పట్టిక తెచ్చింది. ఉద్దేశపూర్వకమా, నిర్లక్ష్యమా? తగిలింది తలకా, ఒంటికా? దెబ్బ తీవ్రత ఎంత? బంతి దగ్గరా, దూరమా? ఒక్కోదానికి పాయింట్లు వేసి, కూడి, వారాలు తేల్చేవారు. చూడటానికి కిరాణా కొట్టు లెక్కంత కచ్చితంగా ఉండేది. అదే ఏడాది సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో సిడ్నీ ఆటగాడు బారీ హాల్, సెయింట్ కిల్డాకు చెందిన మాట్ మగ్వైర్‌ను కొట్టాడు. తప్పు చేశాడని ట్రైబ్యునల్ ఒప్పుకుంది. కానీ "బంతికి దూరంగా" అన్న గడిలోంచి తీసి "ఆటలో భాగంగా" అన్న గడిలో పెట్టింది. పాయింట్లు తగ్గాయి, శిక్ష మందలింపుతో సరిపోయింది. హాల్ గ్రాండ్ ఫైనల్ ఆడాడు. సిడ్నీ నాలుగు పాయింట్ల తేడాతో గెలిచి, 72 ఏళ్ల తర్వాత కప్పు అందుకుంది. ఆ హాలే 2008లో వెస్ట్ కోస్ట్ ఆటగాడు బ్రెంట్ స్టేకర్‌ను ఒక్క గుద్దుతో నేలకూల్చి ఏడు వారాలు మూటగట్టుకున్నాడు. పట్టిక తప్పు లేదు. అందులో వేసే అంకె మనిషి అభిప్రాయమే కదా!

ఇక మంచితనం మాటేమిటి? 2017లో రిచ్‌మండ్ ఆటగాడు బషార్ హూలీ కార్ల్‌టన్‌కు చెందిన జెడ్ లాంబ్‌ను కొట్టి స్పృహ తప్పించాడు. హూలీ సౌమ్యుడు, సమాజసేవలో పేరున్నవాడు. విచారణలో అతని గుణగణాలకు ప్రధాని మాల్కం టర్న్‌బుల్ పొగడ్తలను కూడా సాక్ష్యంగా చూపారు. ట్రైబ్యునల్ రెండు వారాలతో వదిలేసింది. తన ట్రైబ్యునల్ తీర్పు మీద తానే అప్పీలుకు వెళ్లి, లీగ్ దాన్ని నాలుగు చేయించింది. మంచివాడి మోచెయ్యి మెత్తగా ఉంటుందా అని నాకూ అనిపిస్తుంది. ప్రధానిని ఎరగని కుర్రవాడి సంగతేమిటి?

ఈలోగా ఆట కింది నేలే కదిలింది. 2006లో జస్టిన్ కొషిట్స్‌కే అనే ఆటగాణ్ణి డానియెల్ జియాన్సిరకూసా బంప్ చేస్తే పుర్రె ఎముక చిట్లింది. న్యాయమైన బంప్ అన్నారు, శిక్ష లేదు. కొన్ని వారాలకు కొషిట్స్‌కే టీవీ ఇంటర్వ్యూ మధ్యలోనే కుప్పకూలాడు. తర్వాత తల మీద నిబంధనలు బిగిశాయి. 2020లో దిగ్గజం గ్రాహం ఫార్మర్ మెదడులో, మరుసటి ఏడాది షేన్ టక్ మెదడులో, పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే క్షీణత వ్యాధి ఉన్నట్టు మరణానంతర పరీక్షల్లో తేలింది. మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఇక శిక్ష అంటే కొట్టినవాణ్ణి సరిదిద్దడం మాత్రమే కాదు, రేపు కోర్టులో లీగ్ చూపించుకోవాల్సిన కాగితం కూడా అయింది. 2024లో సీజన్‌కు ముందు మ్యాచ్‌లో జై సింప్కిన్‌ను బంప్ చేసినందుకు సెయింట్ కిల్డా ఆటగాడు జిమ్మీ వెబ్‌స్టర్‌కు ఏడు వారాలు పడ్డాయి. జియాన్సిరకూసాకు సున్నా వచ్చిన చోట ఇది.

అయినా అంకె కుదురుకోలేదు. 2022లో కార్ల్‌టన్ కెప్టెన్ పాట్రిక్ క్రిప్స్‌కు బంప్ వ్యవహారంలో రెండు వారాలు పడితే, అప్పీల్స్ బోర్డు విచారణ విధానంలో లోపం ఉందని కొట్టేసింది. ఆ ఏడాది బ్రౌన్‌లో పతకం అతనికే, ఒకే ఒక్క ఓటు తేడాతో. క్రిస్ గ్రాంట్‌కు మంచి లాయర్ లేకపోయాడని ఆ రాత్రి ఎంతమంది అనుకున్నారో!

మేనార్డ్ కేసూ అలాగే గంటల తరబడి నడిచింది. గాల్లో ఉన్న మనిషి ఎంత సమయంలో ఏం చేయగలడో వివరించడానికి శరీర కదలికల నిపుణుణ్ణి పిలిచారు. బంతిని ఆపడానికే ఎగిరాడు, ఢీకొంటానని ముందే ఊహించే వీలు లేదు అని ట్రైబ్యునల్ నమ్మింది. చట్టం ప్రకారం చూస్తే నాకు అది సబబుగానే కనిపిస్తుంది. మేనార్డ్ పూలూ, ఒక వైన్ సీసా పట్టుకుని ఆంగస్ ఇంటికి వెళ్లాడు. ఆ నెలాఖరున కాలింగ్‌వుడ్ నాలుగు పాయింట్ల తేడాతో కప్పు గెలిచింది, మేనార్డ్ ఆడాడు. మరుసటి సీజన్‌కల్లా లీగ్ నిబంధన మార్చింది: బంతి ఆపడానికి ఎగిరినా, ఎదుటివాడి తలకు గట్టిగా తగిలితే అది నిర్లక్ష్యం కిందికే వస్తుంది. ఆంగస్‌కు అది అక్కరకు రాలేదు.

గాఫ్‌కు అంతకుముందు మచ్చ లేదు. ఆ ఎనిమిది వారాల్లో అతని జట్టు ఐదు పాయింట్ల తేడాతో గ్రాండ్ ఫైనల్ గెలిచింది, అతను లేకుండానే. ఆండ్రూ బ్రేషా ఎదిగి, 2022లో లీగ్ ఆటగాళ్లందరూ ఓటు వేసి ఎన్నుకునే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. ఆ సన్మానంతో పాటు ఇచ్చే బహుమతి పేరు లీ మాథ్యూస్ ట్రోఫీ.